శూన్యసమాధి – స్త్రీల సాక్ష్యము

వసంతకాలమున నొక యాదివారమునాడు, తెల్లవారక మునుపే, మన యూళ్ల క్రైస్తవ కుటుంబములవారు పూలును క్రొవ్వొత్తులును గొని తమవారి సమాధులకడ కేగుట మీలో ననేకులు చూచియే యుందురు. ఈస్టరని వారు పిలుచు నా పండుగ యంతయు నొక్క మాటమీద నిలిచియున్నది: సిలువపై మరణించిన యేసు మూడవనాడు సజీవుడై లేచెను. ఈ మాటకు చరిత్రలో నెంతటి యాధారము గలదు? ఎవ్వరు చూచిరి? ఎవ్వరు చెప్పిరి? ఎన్ని యేండ్లకు వ్రాతలోని కెక్కినది? ఈ ప్రశ్నలకు దొరకు సమాధానములను మా శక్తికొలది సోదరీమణుల ముందుంచ దలచితిమి.

అన్యుల మతవిషయమును తర్కించుట యపచారము గాదా యని కొందరు సంకోచింపవచ్చును. సావిత్రీకథను మనము చదువునపుడు, యముడు సత్యవంతుని ప్రాణము లిచ్చినది యే సంవత్సరమున, ఎవ్వరు సాక్షులు అని యడుగము. ఆ సాధ్వి యొక్క ధృతియు బుద్ధియు మనకు గావలసినవి. కాని క్రైస్తవులు తమ కథ నట్లు విడిచిపెట్టలేదు. ఫలాని యధికారి కాలమున, ఫలాని పట్టణమున, ఫలానివారు చూచుచుండగా జరిగెనని తామే చెప్పిరి. క్రీస్తు లేవకపోయినచో తమ బోధయు తమ విశ్వాసమును వ్యర్థములే యని వారి ప్రథమాచార్యులలో నొకడగు పౌలు స్వయముగా వ్రాసెను. తనంతట తానే సాక్షులను పిలిచిన మతమును, సాక్షులేమనిరని యడుగుట యవమానము గాదు. అది దాని మాటను మన్నించుటయే.

బాల్యమున మేము మా తండ్రిగారికడ తర్కసంగ్రహము వల్లించితిమి. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము నని ప్రమాణములు నాలుగు. గతించిన కాలమునకు ప్రత్యక్షము లేదు. మనకు మిగిలినవి శబ్దమును, దానినుండి చేయు ననుమానమును. శబ్దము ప్రమాణము కావలెనన్న చెప్పువాడు ఆప్తుడు, అనగా నున్నదున్నట్లు పలుకువాడు కావలెను. కావున నీ విషయమున తేల్చవలసినది రెండు సంగతులు: చెప్పినవారెవరు? వారి మాట మనవరకు చెడక వచ్చినదా?

మొదట వివాదము లేని విషయములను జూతము. యేసను పురుషుడు యూదయదేశమున నుండెననియు, రోమక ప్రభుత్వ మాతనిని చంపించెననియు క్రైస్తవులు కానివారును వ్రాసియున్నారు. రోమక చరిత్రకారుడగు టాసిటసు సుమారు క్రీ.శ. 116వ సంవత్సరమున వ్రాసిన గ్రంథమునందు, తిబెరియ చక్రవర్తి కాలమున పొంతి పిలాతను నధికారి క్రీస్తునకు మరణదండనము విధించెనని కలదు. ఈ టాసిటసునకు క్రైస్తవులపై నించుకయు ప్రీతి లేదు. వారి మతమును మూఢవిశ్వాసమని తూలనాడినవాడు. పక్షపాతముచే వ్రాసెనని యనుటకు వీలు లేదు.

యూదుడైన జోసీఫసు క్రీ.శ. 93–94 ప్రాంతమున ముగించిన తన జాతిచరిత్రయందు రెండు తావుల యేసు ప్రసక్తి తెచ్చెను. అందొక తావున యేసు మూడవనాడు తిరిగి సజీవుడై కనబడెనను వాక్యము గలదు. క్రైస్తవుల కింతకన్న ననుకూలమైన సాక్ష్యము వేరొండు లేదనిపించును. కాని యా వాక్యము తరువాతి కాలమున క్రైస్తవలేఖకులు చేర్చినదని పండితులలో నధికసంఖ్యాకుల మతము. పూనా నగరమందలి భండార్కరు సంస్థవారు 1919 మొదలు 1966 వరకు శ్రమించి, మహాభారతమున తరువాత చేరిన శ్లోకములను మూలమునుండి వేరుచేసిరి గదా! ప్రక్షిప్త మెంత యింపైనను ప్రక్షిప్తమే. దానిని తీసివేయుదము. జోసీఫసు చెప్పిన రెండవ తావు మాత్రము గట్టిది: యేసు సోదరుడగు యాకోబు క్రీ.శ. 62లో యెరూషలేమునందు రాళ్లతో కొట్టబడి చంపబడెనని యందున్నది. ఈ యాకోబు మనకు మరల తటస్థించును.

భూమి త్రవ్వినవారికిని కొన్ని సాక్ష్యములు దొరకినవి. 1961లో కైసరయ యను సముద్రతీర పట్టణమున పిలాతు పేరు చెక్కబడిన శిల బయల్పడెను. 1968లో యెరూషలేము సమీపమున నొక కుటుంబసమాధి త్రవ్వగా, ఎముకల నుంచిన రాతిపెట్టెలో నొక పురుషుని మడమయెముక దొరకినది. ఇనుపమేకు దానికి గ్రుచ్చుకొని యట్లే యున్నది. మేకు మొన వంగిపోవుటచే దించినవారు దానిని పెరికివేయజాలకపోయిరి. సిలువ వేయబడిన దేహములకు రోమకులు సమాధి చేయనిచ్చుట యరుదని వాదించువారు గలరు. ఆ మాట సామాన్యముగా నిజమే కావచ్చును. అట్లయ్యు నొక తల్లియో భార్యయో తనవాని దేహమును దించుకొని పోయి తమ వంశసమాధిలో నుంచుట సాధ్యమయ్యెనని యీ మడమయెముక చెప్పుచున్నది. అది యేసు సమాధికి నిదర్శనము గాదు. అరిమతయి యోసేపను పెద్దమనిషి యేసు దేహమును తన యధీనమునకు దెచ్చుకొనెనను కథ యసంభవము గాదని మాత్రము తెలుపును.

ఇక పునరుత్థానమునుగూర్చిన సాక్ష్యములలో ప్రాచీనతమము, పలువురు తలచునట్లు, నాలుగు సువార్తలు గావు. పౌలు వ్రాసిన జాబు. కొరింథు పట్టణమందలి క్రైస్తవులకు పౌలు ఎఫెసునుండి సుమారు క్రీ.శ. 53–55 మధ్య నొక లేఖ వ్రాసెను. యేసు మరణము క్రీ.శ. 30లోనో 33లోనో జరిగినదని పండితు లెంచుచున్నారు. అనగా నడుమ నిరువదియైదేండ్లు నిండలేదు. ఆ లేఖలో పౌలు తాను స్వయముగా కల్పించినది గాక, పరంపరగా తనకు లభించినదానిని తాను వారి కందించితినని చెప్పి, ఒక పట్టిక నిచ్చెను: క్రీస్తు మరణించెను, సమాధి చేయబడెను, మూడవనాడు లేపబడెను, పిమ్మట పేతురునకును, పన్నిద్దరు శిష్యులకును, ఒక్కమారు ఐదువందలమందికి పైబడిన సోదరులకును, యాకోబునకును, అపొస్తలులందరకును, తుదకు తనకును కనబడెను. ఆ యైదువందలమందిలో నధికులింకను బ్రతికియే యున్నారని కూడ వ్రాసెను. పోయి యడిగి తెలిసికొనుడనుటకు నిది తుల్యమే గదా!

ఈ పట్టిక పౌలునకు లభించినదెప్పుడు? ఆతడు గలతీయులకు వ్రాసిన మరియొక లేఖలో, తాను మతము మారిన మూడేండ్లకు యెరూషలేమునకు బోయి పేతురునింట పదునైదు దినములుంటిననియు, యేసు సోదరుడగు యాకోబును గూడ చూచితిననియు చెప్పుకొనెను. కావున నీ కథ నూరేండ్ల పిదప నెవ్వరో యల్లినదనుట కవకాశము లేదు. సంఘటన జరిగిన కొలదియేండ్లకే, చూచితిమనువారు బ్రతికియుండగనే, వారి పేళ్లతో నీ మాట చెలామణిలో నుండెను. ఇది చాల ముఖ్యమైన విషయము.

పౌలు మొదట క్రైస్తవులను హింసించినవాడు. యాకోబును, యేసు బ్రతికియుండగా నాతని నమ్మినవాడు గాడని యోహాను సువార్తనుబట్టి తెలియుచున్నది. హింసకుడొకడు, ఇంటనుండియు నమ్మని తమ్ముడొకడు — ఈ యిద్దరును మనసు మార్చుకొని, తుదివరకా మాటకే కట్టుబడి శ్రమలకోర్చిరి. శ్రమల కోర్చుట చెప్పినమాట సత్యమని నిరూపింపదు. భ్రాంతికొరకును మనుష్యులు ప్రాణము లిత్తురు. కాని యెరిగి యెరిగి కల్లలాడినవారు గారని మాత్రము దానివలన తేలుచున్నది.

పౌలు పట్టికను మరల నొకమారు చదువుడు. పేతురు, పన్నిద్దరు, ఐదువందల సోదరులు, యాకోబు, అపొస్తలులు, పౌలు. పేరుపెట్టి చెప్పబడిన స్త్రీ యొక్కతెయు నందు లేదు. శూన్యమైన సమాధి మాటయు నందు లేదు.

సువార్తలకు వచ్చితిమా, అంతయు తారుమారు. మార్కు సువార్త సుమారు క్రీ.శ. 70లోను, మత్తయి, లూకా సువార్తలు 80–90 ప్రాంతమునను, యోహాను సువార్త 90–100 ప్రాంతమునను వ్రాయబడినవని పండితుల యంచనా. ఆ నాల్గింటను సమాధికడకు మొదట పోయినవారు స్త్రీలే. మార్కు చెప్పిన క్రమము గమనింపదగినది. యేసు పట్టుబడినప్పుడే పురుషశిష్యులందరును పారిపోయిరి. మగ్దలేనే మరియయు, యాకోబు తల్లియగు మరియయు, సలోమేయు దూరమున నిలిచి సిలువమరణమును చూచిరి. ఇద్దరు మరియలును దేహము నుంచిన తావును చూచిరి. విశ్రాంతిదినము గడచినంతనే సుగంధద్రవ్యములు గొని, ఆదివారము పెందలకడ సమాధికి బోయిరి. మరణించినది చూచినవారును, పూడ్చినచోటు చూచినవారును, అది శూన్యమై యుండుట చూచినవారును ఆ స్త్రీలే. సాక్ష్యశృంఖల యంతయు వారిచేతిలోనే యున్నది. దారిలో వారి చింత యేమనగా, సమాధిద్వారమున నున్న రాయిని మనకెవ్వరు దొర్లింతురని. ఇంటిపనియు చావుపనియు నెరిగిన స్త్రీలకే తోచు చింత యిది.

మార్కు సువార్త ప్రాచీన ప్రతులలో నెట్లు ముగియునో యెరుగుదురా? నాలుగవ శతాబ్దికి చెందిన రెండు మహాప్రతులలో — ఒకటి వాటికనునందును, మరియొకటి చాలభాగము లండనునందును గలవు — ఆ స్త్రీలు వణకుచు పారిపోయి, భయముచే నెవ్వరితోను నేమియు చెప్పలేదను మాటతో కథ నిలిచిపోవును. యేసు కనబడిన వృత్తాంతములు చెప్పు తరువాతి పండ్రెండు వచనములు వానియందు లేవు.

నాలుగు సువార్తలును తమలో తాము విభేదించుచున్నవి. మార్కున ముగ్గురు స్త్రీలు, మత్తయిలో నిద్దరు, లూకాలో యోహన్న యను నామె చేరినది, ఇంక నితరులును గలరు, యోహానులో మగ్దలేనే మరియ యొక్కతెయే కానవచ్చును. మార్కున నొక యువకుడు కనబడెను. మత్తయిలో నొక దేవదూత. లూకాలో నిద్దరు పురుషులు. యోహానులో నిద్దరు దేవదూతలు. శిష్యులకు యేసు గలిలయలో కనబడెనని మత్తయి, యెరూషలేముననే యని లూకా. ఈ భేదములను కప్పిపుచ్చుట తగదు. పొల్లుపోక సరిపోవు సాక్ష్యములు ముందు కూడబలుకుకొన్నవని న్యాయస్థానములలో ననుమానింతురు, నిజమే. కాని భేదములున్నంతమాత్రమున సాక్ష్యము నిజమగునని యనుటయు తప్పే. నలుగురును కలిసిన చోటేది? ఆదివారము ఉదయమున, మగ్దలేనే మరియ పోయినప్పుడు, సమాధి శూన్యముగా నుండెను. ఇంతమాత్రమే.

సమాధినుండి లేచిన క్షణమును చూచితిమని యీ నాల్గింట నెవ్వరును చెప్పలేదు. పేతురు పేర వెలసిన మరియొక సువార్త తునక 1886–87లో ఈజిప్టు దేశమందలి అఖ్మీమున నొక గోరీలో దొరకినది. అందు కావలి సైనికులు చూచుచుండగా, ఆకాశమునంటు పురుషులు వెలికివచ్చుటయు, వెనుక సిలువ నడచివచ్చి పలుకుటయు వర్ణింపబడినవి. కథ పెరుగు విధము ఇట్టిది. దానిప్రక్కన బెట్టి చూచినచో తొలి వృత్తాంతముల మితభాషణము విశదమగును.

ఇక మనకు ముఖ్యమైన చోటికి వచ్చితిమి. ఆ కాలమున ఆ దేశమున స్త్రీసాక్ష్యమునకు విలువ యెంత? పైని చెప్పిన జోసీఫసే తమ ధర్మశాస్త్రమును వివరించుచు, స్త్రీల చపలత్వమును తెగువను బట్టి వారి సాక్ష్యము నంగీకరింపరాదని వ్రాసెను. సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన యూదుల మిష్నా యను ధర్మగ్రంథమును స్త్రీలను సామాన్యముగా సాక్షులలో చేర్పదు. కాని యొక విషయమున మినహాయింపు గలదు: దూరదేశమున నొక పురుషుడు మరణించెనని స్త్రీ చెప్పినచో, ఆతని భార్యకు పునర్వివాహము సాగుటకు నా మాట చాలును. పురుషుడు చనిపోయెనని చెప్పిన నమ్మదగిన నోరు, లేచెనని చెప్పినపుడు శిష్యులకే నమ్మరానిదయ్యెను. స్త్రీలు వచ్చి చెప్పగా, అది పనికిమాలిన మాటగా శిష్యులకు తోచెనని లూకాయే యొప్పుకొనెను. సుమారు 177–180 ప్రాంతమున క్రైస్తవమును ఖండించుచు గ్రంథము వ్రాసిన సెల్ససు, దీనిని చూచినదెవ్వరు, మతి చలించిన యొక యాడుది గదా యని యెగతాళి చేసెను. అది నమ్మరాదని చెప్పుటకు, చూచినది స్త్రీ యనుటయే యాతనికి చాలిన హేతువు.

మన శకుంతల కథ యిక్కడ జ్ఞప్తికి రాకమానదు. కుమారుని చేతబట్టుకొని నిండుసభలో నిలిచి సత్యము పలికిన యా తల్లి మాటను, భారతమున, ఆకాశవాణి చెప్పువరకు దుష్యంతు డంగీకరింపలేదు. ఆమె మాటమాత్రముచే స్వీకరించిన లోకము శంకించునని తన యాలస్యమునకు కారణము చెప్పుకొనెను. ఆతడు లోపల నెరిగియు బయట నడిగినవాడు. సత్యము మారలేదు, పలికిన నోటిని బట్టి దాని వెల మారినది.

ఈ స్థితినుండి పండితులొక యనుమానము చేయుదురు. కథ కల్పించువాడు నమ్మించు సాక్షులను కల్పించును. పేతురునో, అరిమతయి యోసేపునో మొదట సమాధికి పంపియుండును. న్యాయస్థానమున చెల్లని స్త్రీలను, అందును సొంత శిష్యులే నమ్మనివారిని, మొదటి సాక్షులుగా నేల నిలుపవలెను? వారు నిజముగా పోయియుండుటచేతనే యట్లు వ్రాయవలసివచ్చెను. దీనిని కల్పనకు లొంగని యిబ్బందికరమైన సత్యమని వారందురు. మాకీ వాదము బలముగలదిగా తోచుచున్నది.

కాని ప్రతిపక్షమును వినవలయును. శవమునకు పరిమళద్రవ్యము లలదుట స్త్రీల పని. కావున కథలో స్త్రీలు సమాధికి బోవుట సహజమే. కల్పించువాడును అట్లే కల్పించును. పురుషులందరును పారిపోయిరని ముందే చెప్పిన మార్కునకు స్త్రీలు దక్క పంపుట కెవ్వరు మిగిలిరి? పౌలు శూన్యసమాధి నెత్తకపోవుటయు శంకకు తావిచ్చును. దానికి సమాధానముగా, సమాధి చేయబడి లేపబడెనన్నపుడు సమాధి శూన్యమని వేరుగ చెప్పనక్కరలేదనియు, ప్రకటనకు చెల్లని స్త్రీల పేళ్లు ప్రకటనాపట్టికనుండి జారిపోయి, కథలో మాత్రము నిలిచినవనియు నుత్తరపక్షము. జారిపోయినదో, లేనేలేదో — ఇరుప్రక్కల పండితులు నేటికిని వాదించుచున్నారు.

లేవలేదనువారు జరిగినదాని కే కారణములు చెప్పుదురు? శిష్యులు దేహమును దొంగిలించిరను మాట మత్తయి కాలమునకే వ్యాపించియుండెను. దొంగిలించిన మాటకొరకు తామే హింసలకోర్చిరనుట నమ్మశక్యము గాదు. యేసు మూర్ఛిల్లి తెప్పరిల్లెనని పదునెనిమిదవ శతాబ్ది చివర జర్మనీలో కొందరనిరి. దానిని ఖండించినవాడు పునరుత్థానమును నమ్మని స్ట్రాసే: సగము చచ్చి, కట్లు కట్టించుకొని, ప్రాకుచు వచ్చిన మనిషి మృత్యుంజయుడను భావము నెట్లు కలిగించునని 1864లో నడిగెను. ఆతని మతమున శిష్యులకు గలిగినది దర్శనము, మనోభ్రాంతి. నేటి సంశయవాదులును సాధారణముగా నీ మార్గముననే పోవుదురు.

ఈ దర్శనవాదమును తేలికగా త్రోసివేయరాదు. వేల్సు దేశమున డ్యూయీ రీసను వైద్యుడు 293 మంది విధవలను, భార్యలను గోల్పోయిన పురుషులను ప్రశ్నించి 1971లో ప్రకటించిన పరిశోధనయందు, దాదాపు సగముమంది గతించినవారి సాన్నిధ్యము ననుభవించినట్లు చెప్పిరి; కొందరు కంట చూచితిమనియు, కొందరు గొంతు వింటిమనియు ననిరి. వారిలో పెక్కురు అంతకుమునుపు దానిని ఎవ్వరికిని చెప్పియుండలేదు. మన వీధులలోను, సాయంకాలము వీధితలుపు చప్పుడైనచో భర్త వచ్చెననుకొని చెంబు తీసికొని లేచిన యిల్లాండ్రను మే మెరుగుదుము. వారు వెర్రివారు గారు, అబద్ధమాడువారును గారు. కాని వారిలో నొక్కతెయు తన భర్త శ్మశానము విడిచి వచ్చెననలేదు. సాన్నిధ్యము వేరు, పునరుత్థానము వేరు. ఆ కాలపు యూదులలో పెక్కురు యుగాంతమున నందరును కలిసి లేతురని నమ్మిరే గాని, నడుమ నొక్కడు ముందుగా లేచునని యెదురుచూడలేదు. దుఃఖితులు గాని పౌలును, మునుపు నమ్మని యాకోబును ఇట్టి యనుభవము నెట్లు పొందిరనుట మరియొక చిక్కు. కాని పౌలు తన యనుభవమును తక్కినవారి యనుభవములతో నొకే పంక్తిని చేర్చెను. కనబడుట యనగా నందరకు నొకే తీరున కనబడుటయా యను ప్రశ్న దానివలన మిగిలిపోయినది.

పండితులు చెప్పిన తీర్పులును చిత్రములు. ఇ.పి. శాండర్సను పండితుడు 1993లో, యేసు శిష్యులు పునరుత్థానానుభవములు పొందిరనుట చరిత్రసత్యమే యనియు, ఆ యనుభవముల వెనుక నున్న వస్తువేదో తానెరుగననియు వ్రాసెను. జర్మను పండితుడు లూడెమాను 1994లో అది దుఃఖమును పశ్చాత్తాపమును కలిగించిన దర్శనమని వాదించెను. ఆంగ్ల మతాచార్యుడు ఎన్.టి. రైటు 2003లో, శూన్యసమాధియు దర్శనములును రెండును నిజముగా జరిగియుండనిచో తొలిక్రైస్తవుల విశ్వాసము పుట్టదని పెద్దగ్రంథము వ్రాసెను. అన్నిటికంటె నాశ్చర్యము యూదుడైన పింకాసు లాపీదే మాట: యేసు లేచుట చరిత్రలో జరిగినదే, కాని యాతడు తమ మెస్సీయ గాడని 1977లో గ్రంథముగా ప్రకటించెను. ఒకే యాధారములనుండి నలుగురు నాలుగు తావులకు చేరిరి. అద్భుతమును నిలుపు సాక్ష్యము, అది యబద్ధమగుట యా యద్భుతముకంటె నధికమైన వింత యగునంత బలముగా నుండవలయునని హ్యూము 1748లో పెట్టిన త్రాసును కొందరు చేతబట్టిరి. ఈశ్వరుడున్నాడని ముందే నమ్మినవారికి ఆ త్రాసులోని రాళ్లు వేరు.

వస్తుసాక్ష్యములనుగూర్చి యొకమాట. ఇటలీలోని టూరిను నగరమున యేసు శవవస్త్రమని చెప్పబడు బట్టను 1988లో మూడు ప్రయోగశాలలు పరీక్షించి, అది 1260–1390 మధ్యకాలపు దని తేల్చెను. యెరూషలేమున యేసు సమాధి యని చెప్పబడు చోట కాన్‌స్టంటైను కట్టించిన దేవాలయము 335లో ప్రతిష్ఠింపబడెను. 1009లో ఈజిప్టు ఖలీఫా దానిని కూల్పించెను, మరల కట్టిరి. 2016 అక్టోబరున మరమ్మతుకై సమాధిపైని చలువరాతిని తీసిరి. ఏథెన్సు సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు ఆంటోనియా మొరోపూలూ యాధిపత్యమున, ఆ సమాధికడ తీసిన సున్నమును పరీక్షింపగా నాలుగవ శతాబ్దపుదని తెలిసెను. అచట సమాధి యుండెననియు, కాన్‌స్టంటైను కాలమునుండి యదే చోటు పూజింపబడుచున్నదనియు నిది చెప్పును. అందుంచబడినవాడెవ్వడో సున్నము చెప్పజాలదు.

తుదకు మొదటి సాక్షి గతి యేమయ్యెనో చెప్పవలసియున్నది. మగ్దలేనే మరియ దుశ్శీల యని నాలుగు సువార్తలలో నెక్కడను లేదు. ఆమెను వేరొక కథలోని పాపాత్మురాలితో నొకటిగా జేసి, రోము పీఠాధిపతియగు గ్రెగోరీ 591లో నుపన్యసించెను. ఆ మాట పండ్రెండువందల యేండ్లకు పైగా ప్రార్థనామందిరములందును, చిత్రములందును, నాటకములందును నిలిచిపోయెను. సమాధికడ తొలిసాక్ష్యము పలికిన యామెను పశ్చాత్తప్తయగు వెలయాలిగా లోక మెరిగెను. 1969లో రోమక కాథలికులు తమ పండుగపట్టికలో నామె విషయమున నా భావమును విడిచిరి. 2016లో పోపు ఫ్రాన్సిసు ఆమె స్మరణదినమును అపొస్తలుల పండుగలతో సమానము చేసెను. సాక్ష్యము లేని నింద కింతకాలము చెల్లుబాటయ్యె. సాక్ష్యము పలికిన నోటికి గౌరవము రాగా నింతకాలము పట్టెను.

కావున మేము చేరిన తీర్పిది. యేసు సిలువపై మరణించుట దృఢము. కొలదియేండ్లలోనే ఆతని వారు ఆతనిని సజీవునిగా చూచితిమని నమ్మి, ఆ నమ్మికకై సర్వము నర్పించుటయు దృఢము. స్త్రీలు సమాధి శూన్యముగా చూచుట — మాకు సంభావ్యముగా తోచుచున్నది, కాని తుదితీర్పు కాదు. ఈశ్వరుడాతనిని లేపెననుట చరిత్ర యిచ్చు పత్రముమీద వ్రాయదగినది గాదు. అచట చరిత్ర చేయి ముడుచుకొని నిలుచును, విశ్వాసము తన దారిని పోవును. విశ్వసించువారు చరిత్ర మాకు సర్వము నిరూపించినదనరాదు. విశ్వసింపనివారు అందేమియు లేదని తేలికచేయరాదు.

సోదరీమణులారా! మన యిండ్లలో దినదినము నెన్నియో మాటలు సాక్ష్యములై వచ్చుచుండును: పనిమనిషి చెప్పినది, అత్తగారు విన్నది, కోడలు కంటితో చూచినది. చెప్పినది యాడుది గదా యని త్రోసివేయుటయు, చెప్పినది మనకిష్టమైనది గదా యని నమ్ముటయు నొకే దోషమునకు రెండు ముఖములు. ఎవరు చెప్పిరి, తాము చూచిరా, ఎప్పుడు చెప్పిరి, చెప్పినందువలన వారికి లాభమా నష్టమా యని యడిగి, పిమ్మట తూచుడు. మీ బిడ్డలు ఈస్టరునుగూర్చి యడిగినచో, నమ్ముమనియో నవ్వుమనియో చెప్పక, ఆ సాక్షుల పేళ్లు చెప్పుడు. మొదట మగ్దలేనే మరియ పేరు చెప్పుడు.